ఎడమ పక్క ఖాళీ

సోమవారం నాడు నెక్కొండ నుంచి కార్డు వచ్చింది. గురువారం సాయంత్రం బండికి వస్తానని, శుక్రవారం తెల్లవారుజాము బండికి చెల్లెలిని వెంట తీసుకుపోతానని భాస్కర్ రాశాడు. అతని చెల్లెలు భారతి నా తమ్ముడు మల్లికార్జున్ భార్య. మల్లికార్జున్ పోయి అప్పటికి మూడు నెలలు కావస్తోంది.

తెల్లవారుజాము బండి అని మా అమ్మే చెప్పి పంపింది. భర్త పోయిన ఆడమనిషి ఏడాది తిరగకముందు పగటి పూట బయటికి వస్తే ఎదురైన వాళ్ళు వెనక్కి మళ్ళిపోతారు. అందుకని మా మట్టెవాడలో అలాంటి వాళ్ళను వీధి లేవకముందే దాటిస్తారు. పైగా ఆ శనివారం నుంచి ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలో కలుస్తాయని, లోకానికి ఏదో మూడుతుందని ఊరంతా చెప్పుకుంటోంది. గుళ్ళలో హోమాలు మొదలయ్యాయి. మా బడికి పిల్లలు సగం మందే వస్తున్నారు.

"గ్రహాలు కలువక ముందే ఆమె ఈ గడప దాటాలె" అంది అమ్మ.

అమ్మ భారతిని పేరు పెట్టి పిలవడం మానేసింది. 'ఆమె' అంటుంది. ఇంట్లోనూ వీధిలోనూ, తమ్ముడు కుస్తీ చేసే తాలీంలోనూ అందరిదీ ఒకటే మాట. పైల్వాన్‌కు పెళ్ళి పడదు, పెళ్ళితోనే మల్లికార్జున్ బలం పోయింది అని. వైశాఖంలో పెళ్ళి. శ్రావణంలో నాగులపంచమి నాటి దంగల్ కుస్తీల్లో పడిపోవడం. కార్తీకంలో చావు. వరసగా చెప్పుకుంటే ఎవరికైనా నమ్మబుద్ధి అవుతుంది. 'మొగన్ని మింగింది' అని ఎదురింటి పూలమ్మ అన్న మాట నెక్కొండ అంగడి దాకా పోయిందని భాస్కర్ అంతకుముందు రాసిన కార్డులో ఉంది. భారతికి ఇరవై ఏళ్ళు. మిగిలిన బతుకంతా ఆ పేరుతో బతకాలి.

అది నిజం కాదని నాకు తెలుసు. వాడి బలం పెళ్ళికి ఏడు నెలల ముందు, దసరా నాటికే పోవడం మొదలైంది. అది మొదట తెలిసింది నా చేతులకు. మూడు నెలలుగా నేను ఎవరికీ చెప్పలేదు.

నేను హనుమకొండలో మిడిల్ స్కూల్ టీచర్ని. చదువుకున్నది ఉర్దూలో. తెలుగులో పాఠం చెప్పడం ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. అందువల్ల ఒక మాట అనేముందు రెండుసార్లు చూసుకోవడం అలవాటైంది. ఆ అలవాటు వల్ల నా మాటకు ఇంట్లో, వీధిలో విలువ ఏర్పడింది. ఆ విలువే తరవాత చెరుపు చేసింది.

మా నాన్న పోయాక కిరాణా దుకాణం మల్లికార్జున్ చూసుకునేవాడు. పొద్దున సాయంత్రం తాలీంలో ఉండేవాడు. నేనూ పెళ్ళి దాకా ఆ తాలీంలోనే పెరిగాను. పెళ్ళయ్యాక గోదాలో పోటీకి దిగలేదు కానీ తమ్ముడితో జోర్ చేయడానికి వెళ్తూనే ఉండేవాణ్ణి. జోర్ అంటే గెలుపోటములు లేని కుస్తీ, సాధన కోసం చేసేది.

మా ఉస్తాద్ కట్టయ్య. ఒకప్పుడు ఎడ్లబండి తోలేవాడు. ఆయన మొదటి ఏడాది ఎవరికీ దావులు, అంటే కుస్తీ పట్లు, నేర్పడు. తువ్వాలుతో కళ్ళకు గంత కట్టి, ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, ఒకరి ముంజేతులు ఒకరిచేత పట్టిస్తాడు. నెట్టకూడదు, గుంజకూడదు. ఎదుటివాడి బరువు ఏ కాలి మీద ఉందో, ఏ కాలు లేవబోతోందో చేతితో తెలుసుకొని చెప్పాలి.

"మనిషి తరాజు లెక్క" అనేవాడు ఉస్తాద్. "ఒక పళ్ళెం లేవాల్నంటె రొండోది దిగాలె. దిగేటప్పుడు నువ్వు ఆడ ఉండాలె. బలంతోని కాదు. వాడు నెట్టితె నువ్వు లేనట్టుండాలె. వాడు మల్లుతె నువ్వు ముందే ఉన్నట్టుండాలె."

చాలామందికి ఆ ఏడాది దండగ అనిపించేది. కొందరు విడిచి వేరే తాలీంకు పోయారు. మల్లికార్జున్‌కు మాత్రం అది తొందరగా వచ్చింది. పదహారేళ్ళప్పుడే నేను ఊపిరి పీల్చుకుంటే ఏ కాలు కదపబోతున్నానో చెప్పేవాడు.

వాడికి ఇరవై నాలుగేళ్ళప్పుడు, దసరా మరునాడు, మేమిద్దరం జోర్ చేస్తున్నాం. వాడి ఎడమ పక్క ఉన్నట్టుండి ఖాళీ అయింది. నా చేతి కింద ఏమీ లేదు. ఎవరికైనా అక్కడ బరువు వేయాలనిపిస్తుంది. వేశాను. నా బరువు పూర్తిగా అటు పోయాక వాడి కుడి పక్క ఒక్కసారిగా వచ్చింది. నేను వెల్లకిల పడ్డాను. మళ్ళీ లేచి పట్టుకున్నాను. మళ్ళీ అలాగే అయింది.

మట్టి దులుపుకుంటూ అన్నాను. "భలే దావు వట్టినవ్‌రా. ఎడమ పక్క ఖాళీ ఇచ్చి మనిషిని లోపటికి పిలుస్తానవ్. ఎవరు నేర్పిన్రు?"

వాడు నా ముఖం వైపు చూశాడు. ఏదో చెప్పబోయినట్టు ఉంది. తరవాత నవ్వాడు. "దావేనా అన్నా?" అన్నాడు.

"దావే. గట్టి దావు."

ఆ మాట నేను నలుగురిలో అన్నాను. ఆ తరవాత వాడు ఆ ఎడమ పక్కతోనే వర్ధన్నపేట నుంచి వచ్చిన ఇద్దరిని పడగొట్టాడు. తాలీంలో కుర్రవాళ్ళు అది నేర్పమని వెంటపడ్డారు. "గది నేర్పితె వచ్చేది కాదు" అనేవాడు వాడు. అది నిజమని అప్పుడు నాకు తెలియదు.

నాగులపంచమి దంగల్‌లో కరీంనగరం నుంచి వచ్చిన పైల్వాన్ ఆ ఎడమ పక్కన చెయ్యి వేశాడు. కుడి పక్క రాలేదు. తమ్ముడు గోడ కూలినట్టు పడ్డాడు. తరవాత తలనొప్పులు, వాంతులు. హైదరాబాదు దవాఖానలో తలలో గడ్డ అన్నారు. ఎప్పటి నుంచి ఉందని డాక్టరు నన్ను అడిగాడు. నాగులపంచమి నుంచి అన్నాను. డాక్టరు రాసుకున్నాడు. ఆయన కలం కదులుతుండగా నాకు దసరా గుర్తుకు వచ్చింది. వచ్చింది కానీ నోరు తెరవలేదు.

*

బుధవారం బడి వదిలాక ఇంటికి పోకుండా తాలీంకు వెళ్ళాను. తమ్ముడు పోయాక అటు పోవడం అదే మొదలు. గోదాలో నలుగురు కుర్రవాళ్ళు మట్టి తవ్వుతున్నారు. ధాన్యం మార్కెట్లో హమాలీ చేసే సారయ్య గట్టు మీద నిలబడి వాళ్ళకు బుద్ధులు చెబుతున్నాడు.

"నాగులపంచమి దాక ఎవడన్న పెండ్లి మాట ఎత్తిండో, లంగోట గుంజుకొని పంపిస్త. ఏందిరా నవ్వుతానవ్? నీకు పిల్లనెవడిస్తడులే, నీకు ఫికర్ లేదు."

"నీకు గూడ ఇయ్యకపాయె గద సారయ్యన్నా" అన్నాడు ఒకడు మట్టిలోంచి.

"నేను ఇడిసిపెట్టిన్రా. సంబంధాలు అచ్చినయి, నేనే వద్దన్న. పెండ్లి జేసుకున్నోని గతి సూసినం గద..."

అప్పుడు నన్ను చూశాడు. మాట మింగేసి నేల చూశాడు. "సారు అచ్చిండు. జర జాగియ్యున్రి" అన్నాడు.

ఉస్తాద్ మూలన బండ మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు డెబ్భై దాటి ఉంటాయి. మనిషి సగమయ్యాడు.

"రా రాజం. కూసో" అన్నాడు. నా పేరు వెంకట్రాజం. ఆయన ఒక్కడే నన్ను రాజం అంటాడు.

నేను కూర్చోలేదు. వచ్చేటప్పుడు దారంతా అనుకున్న వాక్యం మరిచిపోయాను. "ఒక్కటి అడుగుత ఉస్తాద్" అన్నాను. "దావు కోసరం ఒక పక్క ఖాళీ ఇచ్చుడు ఒకటి. నిజంగనే ఖాళీ అయ్యుడు ఒకటి. చేతికి తేడ ఎట్ల తెలుస్తది?"

ఆయన బండ మీంచి లేచాడు. "అంగీ ఇడువు" అన్నాడు.

గోదాలో దిగి ఆయన ముంజేతులు పట్టుకున్నాను. ఎముకల మీద చర్మం వదులుగా ఉంది. కళ్ళు మూసుకున్నాను. కొంతసేపటికి ఆయన ఎడమ పక్క నెమ్మదిగా ఖాళీ అయింది. నేను అటు పోబోయి ఆగాను. తలుపు తీసి ఉన్నట్టే ఉంది కానీ తలుపు వెనక మనిషి నిలబడి ఉన్నాడు. ఆయన ఊపిరి మారలేదు. మడమ నేలకు అంటుకునే ఉంది. నేను వస్తే ఏం చేయాలో ఆయనకు ముందే తెలుసు.

"ఇది దావు" అన్నాడు. "రొండోది నేను సూపియ్యలేను. ఉన్నదాన్ని లేదని సూపియ్యొచ్చు. లేనిదాన్ని ఎట్ల సూపియ్యాలె? సారయ్యా, ఇటు రా."

సారయ్య వచ్చాడు.

"ఐదొద్దుల కింద బస్తా జారి వీని ఎడమ మోకాలు పట్టింది. నాకు చెప్పలే. పొద్దున నా చేతులు వట్టుకొని సలాం జేస్తాంటె తెల్సింది."

"జర నొప్పి ఉస్తాద్, గంతే. ఎవలు చెప్పిన్రు మీకు?"

"నీ మోకాలే చెప్పింది. సారును పట్టుకో."

సారయ్య చేతులు మా తమ్ముడి చేతుల కంటే లావు. బస్తాలు మోసి గరుకుదేరాయి. కళ్ళు మూసుకుని, ఉస్తాద్ చెప్పినట్టు అతన్ని మెల్లగా ఎడమకు మళ్ళించాను. అతని ఎడమ పక్క ఖాళీ అయింది. తలుపు వెనక ఎవరూ లేరు. ఒక రెప్పపాటు తరవాత కుడి పక్క గబగబా వచ్చి నిలబెట్టుకుంది. ఖాళీ ముందు వచ్చింది. మనిషి తరవాత వచ్చాడు.

ఆ రెప్పపాటు నాకు కొత్త కాదు. దసరా మరునాడు ఇదే గోదాలో నా చేతులు దాన్ని రెండుసార్లు పట్టుకున్నాయి. రెండుసార్లూ అది ఆలస్యమని నాకు తెలిసింది. నేను పూర్తిగా లోపలికి వచ్చే దాకా వాడు కావాలని ఆగాడనుకున్నాను. అంత ఓపిక వచ్చిందా వీడికి అని లోపల మురిసిపోయాను కూడా. కుస్తీ తెలియని వాడైతే పిల్లవాడి కాలు తడబడుతోందని ఆ రోజే దవాఖానకు తీసుకుపోయేవాడు.

సారయ్య పోయాక గట్టు మీద కూర్చుని ఉస్తాద్‌కు అంతా చెప్పాను. దసరా, దావు, డాక్టరు దగ్గర చెప్పనిది. పొడిగా, తేదీలతో చెప్పాను. వేరే రకంగా చెప్పడం నాకు రాదు.

ఆయన మట్టి ముద్దను చేతిలో చిదుపుతూ విన్నాడు.

"నాకు దీపావళికి తెల్సింది" అన్నాడు చివరికి. "వాని ఎడమ చెయ్యి సలామప్పుడు సల్లగున్నది. ఏందిరా ఎడమ పక్క ఇట్లున్నదని అడిగిన. దావు ఉస్తాద్ అన్నడు. ఎవలు చెప్పిన్రురా దావని అన్న. అన్న చెప్పిండు అన్నడు."

ఆయన చేతిలోని మట్టి ముద్ద పక్కన పెట్టాడు.

"నా చెయ్యి వేరే చెప్పింది రాజం. నేను నీ మాట విన్న. సదువుకున్నోనివి, ఊకెనే అనవు అనుకున్న. వానికి సుత లోపట భయమున్నదేమో. నువ్వు దావనంగనే వానికి ఒక పేరు దొరికింది. గా పేరు ఎనక దాసుకున్నడు."

ఆయన నన్ను తిట్టలేదు. ఓదార్చలేదు కూడా.

"మరి పెండ్లి మాట మీరు గూడ అన్నరు ఉస్తాద్" అన్నాను. "ఆ పిల్ల మీద పడ్డది."

"అన్న. తప్పు నా చేతిదంటె తాలీం పోతది. పెండ్లిదంటె ఎవలిది పోదు అనుకున్న. ఆ పిల్లది పోతాందని యాది రాలే."

"రేపు పొద్దుగూకె యాళ్ళకు ఇంటికి రాన్రి. అమ్మకు చెప్పాలె."

"అస్త. గని ముందుగాల నువ్వు చెప్పాలె. నీ నోటితోని. నేను పక్కకుంట."

*

గురువారం భాస్కర్ బండి సమయానికే వచ్చింది. అతనికి ముప్పై లోపే. నెక్కొండలో వ్యవసాయం చేస్తాడు. వాకిట్లో కాళ్ళు కడుక్కుని, అరుగు మీద అంచున కూర్చున్నాడు. నా భార్య అనసూయ చాయ ఇస్తే చల్లారేదాకా చేతిలో పట్టుకున్నాడు. లోపలి గదిలో భారతి ట్రంకు పెట్టె సర్దుకున్న చప్పుడు ఆగిపోయి చాలాసేపయింది.

అమ్మ నట్టింట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తమ్ముడు పోయిన నాటి నుంచి ఆమె గడప దాటలేదు.

"మాసికాలకు రావద్దని చెప్పు" అంది నాతో, భాస్కర్ వినేలా. "ఏడాది మాసికానికి గూడ రానవసరం లేదు. పెట్టినయి ఏమన్న ఉంటె తీస్కపొమ్మను. మాకేం వద్దు."

భాస్కర్ తల ఎత్తలేదు. "మా చెల్లె ఏం జేసిందత్తమ్మా?" అన్నాడు. ప్రశ్నలా లేదు. దారంతా అనుకుంటూ వచ్చి, ఇక మోయలేక దించినట్టుంది.

"ఏం జేసిందో మీ నెక్కొండోళ్ళే చెప్తాన్రట గద."

ఉస్తాద్ అప్పుడే వచ్చాడు. గడప పక్కన నేల మీదనే కూర్చున్నాడు. అనసూయ దీపం పెట్టి వచ్చింది. ఆయన నావైపు చూశాడు.

"అమ్మా" అన్నాను. "మల్లికి బలం తగ్గింది పెండ్లితోని కాదు. అంతకు ముందు దసరకే తగ్గింది. నా చేతికి తెల్సింది. నేను దాన్ని దావు అనుకున్న. దావని నలుగుర్ల చెప్పిన. నా మాట పట్టుకొని వాడు ఉస్తాద్‌కు గూడ అదే చెప్పిండు. డాక్టర్ అడిగినప్పుడు సుత నేను చెప్పలే."

అమ్మ ముఖంలో ఏమీ మారలేదు. విననట్టే ఉంది. మళ్ళీ చెప్పాలేమో అనుకున్నాను.

"దసరకు సంబంధమే సూడలేదు మనం" అంది.

"సూడలే."

"నిజమేనా కట్టయ్యా?"

"నిజమే లక్ష్మీనర్సమ్మా. నాకు దీపావళికి తెల్సింది. నేను గూడ మాట్లాడలే."

"చెయ్యి వట్టుకుంటె మనిషి లోపటిది తెలుస్తదంటరు గద మీరు. పిల్లగాండ్లప్పటి సంది వింటాన ఈ మాట. ఇంట్ల ఒకడు, బయట ఒకడు, ఇద్దరు వట్టుకున్నరు నా కొడుకు చెయ్యి." ఆమె గొంతు పెరగలేదు. "ఏం తెల్సింది మీకు?"

లోపలి గది తలుపు దగ్గర భారతి నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో చూడలేదు. ఆమె నా ఎదుట నిలబడి మాట్లాడింది అంతకుముందు ఎన్నడూ లేదు. అప్పుడు కూడా నావైపు కాక అనసూయ వైపు తిరిగి మాట్లాడింది.

"పెండ్లి నాడు చిటికెన ఏలు పట్టుకొని హోమం సుట్టు తిరుగుతాంటె, ఎడమ కాలు పడ్డప్పుడల్ల ఆయన నా ఏలు మీద బరువు ఏసిండక్కా. మూడు దినాలు ఏలు వాచింది. నీకు సూపెట్టిన."

అనసూయ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సూపెట్టింది" అంది. "పైల్వాన్ పట్టంటె గట్లనే ఉంటదే, ఇగ అలవాటు చేస్కో అని నవ్విన నేను. వాడకట్టు ఆడోళ్ళకు అందరికి చెప్పి నవ్విన."

"నేను గూడ గట్లనే అనుకున్న" అంది భారతి. "పైల్వాన్లు గిట్లనే పట్టుకుంటరేమో అనుకున్న. కొత్తగ అచ్చిన, నాకేమెరుక. గని మీద ఆనినోళ్ళ బరువు ఎట్లుంటదో ఎరుకే. మా నాయిన పోయేముందు నా మీద ఆనుకొనే నడిచిండు. గట్లనే ఉన్నది."

ఆమె అంతటితో ఆపి లోపలికి పోయింది. ఎవరి మీదా నేరం మోపే గొంతు కాదు. పోగొట్టుకున్న వస్తువు ఎక్కడ చూశారో అడిగితే చెప్పినట్టు చెప్పింది.

ఏడాది పాటు కళ్ళకు గంత కట్టుకుని నేర్చుకున్న వాణ్ణి నేను. ఆమె చిటికెన వేలుతో తెలుసుకుంది. అది తెలుసుకున్నా అడిగేవాళ్ళు లేక మా ఇంట్లో ఆరు నెలలు మౌనంగా తిరిగింది. వాడు పోయాక ఇంకో మూడు నెలలు అందరి మాటా పడింది.

అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నాతో ఒక్క మాట మాత్రం అంది. "తెల్లారుజాము బండికి వద్దని ఆ పిలగానికి చెప్పు."

"మరి ఎప్పుడు?"

"పొద్దెక్కినంక."

*

పొద్దున లేచేసరికి అమ్మ తలస్నానం చేసి, తెల్లచీర కట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. భారతిని పిలిచింది. పేరు పెట్టే పిలిచింది కానీ గొంతులో మెత్తదనం లేదు. "భారతీ, పెట్టె తియ్యి. పోదాం."

"ఉంటవా అని అడుగుతవేమో అనుకున్నం అత్తమ్మా" అంది అనసూయ నెమ్మదిగా.

"ఏ మొఖం పెట్టుకొని అడగాలె? పోనీ. దాని తల్లి దగ్గరికి పోయి నాల్గు నెలలు పండుకోనీ. మాసికాలకు వస్తదా రాదా అది దాని ఇష్టం."

"అస్తనత్తమ్మా" అంది భారతి.

నేను రిక్షా పిలుస్తానన్నాను. అమ్మ వద్దంది. మూడు నెలలు గడప దాటని మనిషి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి దిగింది. పక్కన భారతి. వెనక ట్రంకు పెట్టె మోస్తూ భాస్కర్, నేను. తొమ్మిది గంటల ఎండ. దుకాణాలు తీసి ఉన్నాయి. ఎదురు వస్తున్న ఒకాయన భారతిని చూసి ఆగి, సందులోకి మళ్ళాడు. అమ్మ ఆయన మళ్ళేదాకా చూసి నడిచింది.

పూలమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. చేట ఆపింది. "ఎటు లక్ష్మీనర్సమ్మా, గింత పొద్దెక్కినంక? ఇయ్యాల్రేపు దినాలు మంచియి కావంటాన్రు."

అమ్మ ఆగింది. "కోడల్ని బండెక్కియ్యపోతాన. నీతోని ఒక మాట చెప్పాలె పూలమ్మా. నేను నీతోని ఒకటి అన్న గద, దీని మీద. గది తప్పు మాట. పిలగానికి పెండ్లికి ముందు దసరకే జబ్బు వట్టింది. మా పెద్దోనికి ఎరుకే. చెప్పలే వాడు."

పూలమ్మ నావైపు చూసింది. ఆ చూపు ఇంతకాలం భారతి మీద ఉండేది. "సారుకు ఎరుకేనా?" అంది.

"ఎరుకే" అన్నాను. పెట్టె బరువు చేతులు గుంజుతోంది.

చౌరస్తా దగ్గర బట్టల దుకాణం వాళ్ళ అమ్మ సోమక్కతో అదే మాట చెప్పింది. ఉప్పు అమ్మే రాజక్కతో చెప్పింది. రాజక్క "ఎవరి రాత ఎవలు తీసెయ్యగలరు" అని మాట తప్పించబోతే, "రాత సంగతి కాదు, దసర సంగతి చెప్తాన" అని మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఒక్క మాట పెంచలేదు, ఒక్క మాట తగ్గించలేదు. ప్రతిచోటా చివర "మా పెద్దోనికి ఎరుకే" అనేది. వాళ్ళు నావైపు చూసేవాళ్ళు. నేను అవునని తల ఊపేవాణ్ణి. తాలీం సందు మొదట్లో సారయ్య, ఇద్దరు కుర్రవాళ్ళు నిలబడి ఉన్నారు. ఉస్తాద్ వాళ్ళకు అప్పటికే చెప్పినట్టుంది. సారయ్య కుంటుతూ వచ్చి, నా చేతిలోంచి పెట్టె అందుకున్నాడు.

"మోకాలు..." అన్నాను.

"నడుస్తది సారూ. ఇడువున్రి."

స్టేషన్‌లో మనుషులు పలచగా ఉన్నారు. గ్రహాలకు భయపడి ప్రయాణాలు మానుకున్నారని కూలీ చెప్పాడు. ప్యాసింజర్ ఇంకా కాజీపేట దాటలేదట. సారయ్య పెట్టె దించి, భారతి వైపు చూడకుండా, "పొయ్యి రా చెల్లె. నేను గూడ శాన మాట్లన్న. మనసుల పెట్టుకోకు" అని గబగబా వెళ్ళిపోయాడు.

అమ్మ పెట్టె మీద కూర్చుంది. నడిచి నడిచి ఆమె పాదాలు మట్టి కొట్టుకుని ఉన్నాయి. కాసేపు ఊపిరి తీసుకుంది. భారతి పక్కన నిలబడితే, జరిగి చోటు ఇచ్చింది.

నేను భాస్కర్‌కు, భారతికి టికెట్లు తేవడానికి కిటికీ వైపు కదిలాను.

"నాకు గూడ తే" అంది అమ్మ వెనకనుంచి.

తిరిగి చూశాను.

"మాట నెక్కొండ దాక పోయింది గద. ఆడికి గూడ పోయి చెప్పాలె." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు గూడ తీస్కో. నేనొక్కదాన్ని చెప్తె, కోడల్ని ఎనకేసుకొస్తాందంటరు. పట్టుకున్నోనివి నువ్వు. నువ్వే చెప్పాలె."

బడికి ఒక పూటే సెలవు పెట్టాను. మధ్యాహ్నం ఏడో తరగతికి లెక్కలు ఉన్నాయి. ఆ మాట నోటి దాకా వచ్చింది. ఇంకెన్నిసార్లు చెప్పాలో అనుకుంటూ కిటికీ దగ్గరికి నడిచాను.

కిటికీలో గుమాస్తా తల ఎత్తకుండా, "ఎక్కడికి?" అన్నాడు.

"నెక్కొండ" అన్నాను. "నాలుగు."